నల్లవాళ్ల పుస్తకాలకు ఒక బ్యాంకు

కళాకారుడంటే బొమ్మ గీసేవాడు, శిల్పం చెక్కేవాడు అని మనకు నేర్పారు. కాన్సెప్చువల్ ఆర్ట్ ఈ లెక్క మార్చింది. అందులో వస్తువు కంటే దాని వెనకున్న ఆలోచన ముఖ్యం. మరి ఆ ఆలోచన ఎవరి బతుకులోంచి వచ్చింది? థియాస్టర్ గేట్స్ పనిని మేం ఈ ప్రశ్నతోనే చూస్తున్నాం.

గేట్స్ 1973లో చికాగోలో పుట్టిన నల్లజాతి కళాకారుడు. తండ్రి ఇళ్ల కప్పులకు తారు వేసే పనివాడు. గేట్స్ నగర ప్రణాళికా, కుండల పనీ రెండూ చదివాడు. 2006లో నల్లవాళ్లుండే సౌత్ సైడ్‌లో ఒక పాత ఇల్లు కొన్నాడు. తర్వాత పక్కిల్లూ తీసుకుని, 2009లో మూతబడ్డ ఒక పుస్తకాల షాపు నుంచి భవన నిర్మాణం మీద దాదాపు 14 వేల పుస్తకాలు తెచ్చి పెట్టాడు. ఇళ్ల గురించి రాసిన పుస్తకాలు, ఇళ్లు పాడుబడిపోతున్న పేటకి వచ్చాయన్నమాట.

అదే పేటలో 1923లో కట్టిన స్టోనీ ఐలాండ్ బ్యాంకు 1980ల నుంచి మూతబడి ఉంది. కూల్చేయబోతుంటే గేట్స్ నగరపాలక సంస్థ దగ్గర ఒక్క డాలరుకి తీసుకున్నాడు. మరి బాగుచేయడానికి డబ్బు? బ్యాంకులోని పాలరాతిని 100 ముక్కలు కోయించి, 'బాండు' అని పేరుపెట్టి, 2013లో బాజెల్ కళల సంతలో ఒక్కోటి 5 వేల డాలర్లకి అమ్మకానికి పెట్టాడు. నల్లవాళ్ల పేటలకి అప్పు లేదు పొమ్మన్న చరిత్ర అమెరికా బ్యాంకులది. వాళ్ల భాషతోనే వాళ్లకి జవాబు చెప్పడం ఇది.

2015లో తెరిచిన ఆ భవనంలో ఎబొనీ, జెట్ పత్రికలు నడిపిన జాన్సన్ సంస్థ గ్రంథాలయం ఉంది. 1955లో తెల్లవాళ్లు చంపిన 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్ శవం ఫొటోని ధైర్యంగా అచ్చేసింది ఈ జెట్టే. నల్లవాళ్లను వెక్కిరిస్తూ చేసిన బొమ్మలూ వేల సంఖ్యలో అక్కడున్నాయి. అవి మళ్లీ సంతకెక్కకుండా ఒక నల్లజాతి దంపతులు కొని దాచినవి. అవమానం కూడా చరిత్రే గదా!

ఒక అనుమానం మాత్రం మిగులుతుంది. ధనికుల సంత డబ్బుతో పేట బాగుపడితే, స్థలాల రేట్లు పెరిగి ఆ పేదలే ఖాళీ చేయాల్సి రాదా? కళ ఒక్కటే దీనికి జవాబు చెప్పలేదు.

మనకిది పరాయి కథ కాదు. 1972లో దళిత్ పాంథర్స్ పేరు తీసుకున్నది నల్లవాళ్ల నుంచే. బొంబాయి దాదర్‌లో అంబేడ్కర్ కట్టించుకున్న రాజగృహ, పుస్తకాలకి చోటు చూసుకుని కట్టిన ఇల్లే. ఊరు మనల్ని వాడకి నెట్టింది. వాడలో రాసిన కరపత్రాలు, పాటల పుస్తకాలు, ఆగిపోయిన పత్రికలు ట్రంకుపెట్టెల్లో చెదలు పడుతున్నాయి. వాటికి గోడలూ కప్పూ ఎవరో కడతారని ఎదురుచూద్దామా?