బోవా తల్లియగు వేళ

ఆడ కొండచిలువ గ్రుడ్లు పెట్టి, వాని చుట్టును చుట్టలు చుట్టుకొని, ఒడలి కండరములను అదరించి వేడిమిని పుట్టించి వానిని పొదుగును. అమెరికా ఖండములందలి దాని దూరపు బంధువైన బోవా కన్‌స్ట్రిక్టర్ మార్గము వేరు. అది గ్రుడ్లు పెట్టదు. పిండములను కడుపులోనే మోసి, పుట్టిననాడే తల్లి యండ లేక బ్రతుకగల పిల్లలను కనును.

1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ ఈ పామునకు శాస్త్రనామము నొసగెను. మెక్సికో మొదలు అర్జెంటీనా వరకు అడవులందు తిరుగు బోవాలను అమెరికా సంయుక్త రాష్ట్రములందును, ఐరోపా దేశములందును నేడు పెక్కుమంది ఇండ్లలో పెంచుచున్నారు. వారికి ఎదురగు కఠినమైన ప్రశ్న యొకటి కలదు: ఆడుపామునకు జతకట్టింపదగిన ఈడు వచ్చినదని యెట్లు తెలియును?

తేలికగా దొరకు సమాధానము ఏండ్లను లెక్కించుట. మగపాము సుమారు 2 ఏండ్లకు, ఆడుది 3, 4 ఏండ్లకు సిద్ధమగునని సాధారణముగ చెప్పుదురు. పెద్దరకపు ఆడుపాము 6 అడుగులైనను ఉండవలె నందురు. కాని హోండురాస్ దేశపు చిన్న దీవులలోని పొట్టి బోవాలు ఆ పొడవునకు రాకయే తల్లులగును. కావున ఏండ్లును అడుగులును గడప వంటివి మాత్రమే. గడప దాటినంతనే ఇల్లంతయు చూచినట్లు కాదు. అసలు చూడవలసినది పుష్టి.

దీనికి కారణము గర్భధారణ విధానమున నున్నది. అండములలో పచ్చసొన నింపుటకు కావలసిన కొవ్వును తల్లి ముందుగనే తన యొంట కూడబెట్టుకొనవలెను. చూలుతో నుండు సుమారు 4 నెలలును పెక్కు ఆడుపాములు ఆహారమును ముట్టవు. గాదెలోని గింజలతో ఏడంతయు నెట్టుకొని వచ్చు సంసారివలె, నిలువనుండి తీసియే అవి గర్భమును పోషించును. నిలువ చాలని తల్లి కడుపున ఫలింపని అండములును, చచ్చిన పిల్లలును మిగులవచ్చును. అవి వెలికి రాకున్న తల్లి ప్రాణమునకే ముప్పు.

ఇది తెలిసియు కొందరు తొందరపడి పిల్లపామును మితిమీరి మేపి, రెండేండ్లలోనే నాలుగేండ్లదాని ఆకారమును తెప్పింతురు. ఒడలు పెరిగినంతమాత్రమున ఈడు రాదు. అట్లు వచ్చినది కొవ్వు గాని పుష్టి కాదు; అది కాలేయమును చెరచును, కాన్పును కష్టపెట్టును. ఈ భేదమును కంటితోను చేతితోను ఎరుగవచ్చును. పుష్టిగల పాము ఒడలు గుండ్రముగ, పట్టుకొన్న బిగువుగ నుండును. వెన్నెముక గట్టువలె పొడుచుకొని వచ్చిన పాము బక్కది. వంగినచోట పొలుసులు ఎడబడి చర్మము కనబడినను, తోక మొదట మడతలు పడినను అది క్రొవ్వినది. ఆ రెండును జతకు పనికిరావు.

పై చూపు మాత్రమే చాలదు. బోవాలను చంపు ఇంక్లూజన్ బాడీ వ్యాధికి ఎరీనావైరస్ తెగకు చెందిన సూక్ష్మజీవితో సంబంధము కలదని 2012లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది సోకిన పాము ఏండ్ల తరబడి ఏ లక్షణమును చూపకుండవచ్చును. దానికి మందు లేదు. తల్లినుండి పిల్లలకును సోకగలదు. కావున క్రొత్తగా తెచ్చిన పామును నెలల తరబడి వేరుగ నుంచి, పశువైద్యునిచే పరీక్ష చేయించిన పిమ్మటనే రెండవదాని దరికి చేర్చవలెను.

రాత్రులు చల్లబడి పగళ్లు కురుచయైన కాలమున మగపాము మేత మాని ఆడుదానిని వెదకును. దాని తోక మొదట రెండు చిన్న ముళ్లుండును. అవి పూర్వపు వెనుకకాళ్ల శేషములు. వానితో ఆడుదాని ఒడలిని గీకుచు జతకు పురికొల్పును. ఈ చలి జబ్బుపడిన పామునకు, కడుపులో మేత అరగని పామునకు తగదు. తరువాత ఒకనాడు ఆడుపాము నడిమిభాగము ఉబ్బి తగ్గును. అండములు విడుదలైన గుర్తు అదియే. రెండు మూడు వారములకు అది కుబుసము విడుచును. అటుపై సుమారు 105 రోజులకు కాన్పు.

ఒక్క కాన్పున 20, 30 పిల్లలు పుట్టుట సామాన్యము. ఒక్కొక్కటి 20 ఏండ్లకు పైగా బ్రతుకగలదు. వానికి చోటు ముందే యోచింపవలెను. పెంపకపుదార్లు విడిచినవని తలపబడు బోవాలు 1999లో కరీబియన్ సముద్రపు అరూబా దీవిలో కనబడి, అటుపై ప్రబలి, అచ్చటి పక్షులను బల్లులను మ్రింగుచున్నవి. భారతదేశమున 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టము, ఇట్టి విదేశీ జీవి ఇంట నున్న సంగతిని, అది పిల్లలను కన్న సంగతిని అధికారులకు తెలుపవలెనని విధించుచున్నది.

ఒకసారి కన్న తల్లికి తిరిగి పుష్టి వచ్చుటకు ఏడాదియైనను పట్టును. అందుచే అనుభవజ్ఞులు ఏ మాత్రము సందేహము కలిగినను ఆ యేటికి జతను మానుకొందురు. నిదానమే ప్రధానమన్న సామెత ఇచ్చట మాటవరుసకు చెప్పునది కాదు. ఒక యేడు ఆగిన ఆడుపామునకు పోవునది యేమియు లేదు. తొందరపెట్టబడినది మరియొక యేటిని చూడకపోవచ్చును.