డబ్బా మీద పేరు చదవడం నేర్చుకుందాం

షోలాపూర్‌లో, భివండీలో మన పిల్లలు చాలామంది మరాఠీలో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. లెక్కల దాకా ఫర్వాలేదు గాని, సైన్సు పుస్తకం తెరిస్తే అమ్మానాన్నలకు చిక్కొచ్చి పడుతుంది. ఎనిమిదో తరగతిలో ‘ద్రవ్యాచే సంఘటన్’ అని ఒక పాఠం ఉంది. మనకు ద్రవ్యం అంటే డబ్బు, ద్రవం అంటే నీళ్లలా పారేది. మరాఠీలో ద్రవ్య అంటే బరువుండి, చోటు పట్టే ఏ వస్తువైనా సరే. తెలుగు పుస్తకాల్లో దాన్నే పదార్థం అంటారు. వాళ్ల మూలద్రవ్య మన మూలకం, సంయుగ మన సంయోగ పదార్థం, మిశ్రణ్ మన మిశ్రమం. ఈ నాలుగు మాటలూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, సగం పాఠం అయినట్టే.

మిగతా సగం మన కార్ఖానాల్లోనే ఉంది. ఉప్పు నీళ్లలో కలిపితే అది మిశ్రమం. చిటికెడు వేసినా, గుప్పెడు వేసినా కలుస్తుంది, నీళ్లు ఇగిరిపోతే ఉప్పు ఉప్పుగానే మిగులుతుంది. నూలుకు పట్టించే గంజి, పీల్చే గాలి, రాగీ జింకూ కరిగించి చేసిన ఇత్తడి చెంబు, అన్నీ మిశ్రమాలే. సంయోగ పదార్థం సంగతి వేరు. దాని పాళ్లు మారవు. స్వచ్ఛమైన నీళ్లు ఎక్కడివైనా 9 గ్రాములు తీసుకుంటే 1 గ్రాము హైడ్రోజన్, 8 గ్రాములు ఆక్సిజన్. గుణం కూడా పూర్తిగా మారిపోతుంది. సోడియం అనే లోహాన్ని నీళ్లలో వేస్తే మండుతుంది. క్లోరిన్ అయితే 1915లో బెల్జియంలోని ఈప్ర దగ్గర యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు. ఆ రెండూ కలిస్తే మనం పప్పులో వేసుకునే ఉప్పు!

రంగుల కార్ఖానాలో చేసినవాళ్లు దీన్ని రోజూ చూస్తారు. వ్యాట్ రంగు ఉత్త నీళ్లలో కరగదు. కాస్టిక్, హైడ్రో వేస్తే మారి కరుగుతుంది, నూలులోకి దిగుతుంది. నూలు పైకి తీశాక గాలిలోని ఆక్సిజన్ తగిలి మళ్లీ కరగని రంగుగా మారి లోపలే ఉండిపోతుంది. నీలిమందైతే తొట్టిలో పసుపుపచ్చగా ఉండి, బయటికి తీశాక చూస్తుండగానే నీలంగా తిరుగుతుంది. పిల్లలకు రసాయన చర్య అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ పుస్తకంలో కూడా దొరకదనుకుంటాను.

ఇక పేర్లు. బట్టీ పట్టక్కర్లేదు, తోక చూస్తే చాలు. ‘ఐడ్’ అని ఉంటే మామూలుగా రెండే మూలకాలు (హైడ్రాక్సైడ్ లాంటివి వేరు). ‘ఐట్’, ‘ఏట్’ అని ఉంటే ఆక్సిజన్ కూడా చేరిందని, ‘ఏట్’లో ‘ఐట్’ కన్నా ఎక్కువ ఉందని గుర్తు. ముందు ‘హైపో’ ఉంటే ఇంకా తక్కువ. సోడియం క్లోరైడ్‌లో ఆక్సిజన్ లేదు, హైపోక్లోరైట్‌లో ఒకటి, క్లోరైట్‌లో రెండు, క్లోరేట్‌లో మూడు. మొదటిది కూరలోకి, రెండోది బట్టలు తెల్లబరిచే బ్లీచ్, చివరిది గడ్డి చంపే మందు. ‘మోనో’ అంటే ఒకటి, ‘డై’ అంటే రెండు. కార్బన్ డయాక్సైడ్ గోళీసోడాలో బుస్సుమనేది. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి పడుకుంటే ప్రాణం తీసేది. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

మనవాళ్లు అన్నిటినీ ‘సోడా’ అనేస్తారు, అదే తంటా. వంట సోడా సోడియం బైకార్బొనేట్, బట్టల సోడా సోడియం కార్బొనేట్, కాస్టిక్ సోడా సోడియం హైడ్రాక్సైడ్. మూడోది చర్మాన్ని, కంటిని కాల్చేస్తుంది. దాన్ని కార్ఖానా నుంచి కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంటికి తెచ్చే అలవాటు ఎవరికైనా ఉంటే ఇవాళే మానేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బాత్రూం సంగతి. మరకలకు వాడే యాసిడ్ చాలావరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బ్లీచింగ్ పౌడర్‌లో ఉన్నది హైపోక్లోరైట్. ఒకటి సరిగా పోలేదని దాని మీదే రెండోది పోస్తే పుట్టేది క్లోరిన్, ఈప్రలో వదిలిన గాలే. గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారుగా పరుచుకుంటుంది, చంటిపిల్లలు ఆడుకునేదీ అక్కడే. కిటికీ లేని చాల్ బాత్రూంలో అది పోవడానికి దారి ఉండదు. కళ్లు మండి దగ్గు వస్తే శుభ్రం చేయడం ఆపి వెంటనే బయటికి రావాలి, ఇంకేదో పోసి ఆపుదామని చూడొద్దు. కళ్లను పారే నీళ్లతో పావుగంట కడగాలి. ఆయాసం ఉంటే ఆస్పత్రికి వెళ్లి, ఏ రెండు కలిపారో పేర్లతో సహా డాక్టరుకు చెప్పాలి.

కార్ఖానాలో హైడ్రో డ్రమ్ములోకి తడి గిన్నె దించొద్దు. కాస్త చెమ్మ తగిలినా అది తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది.