మచిలీపట్నం రేవు, గోల్కొండ రాజ్యం, తెలుగు నేతగాడు: 17, 18 శతాబ్దాల సముద్ర వ్యాపారం మన సమాజాన్ని మార్చిన తీరు

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సంఘ చరిత్రను బోధించేటప్పుడు మనం సాధారణంగా 1805వ సంవత్సరంతో ఆరంభిస్తాము. ఆ సంవత్సరంలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నంలో పరిచర్య ప్రారంభించారు. ఆ తరువాత 1840లో నెల్లూరులో శామ్యూల్ డే, 1842లో గుంటూరులో హయ్యర్ వచ్చారని చెప్పుకుంటాము. ఈ వరుస సరియైనదే. అయితే దీనిని ఇంతమట్టుకే చెప్పినప్పుడు విద్యార్థి మనస్సులో ఒక పొరపాటు అభిప్రాయం నిలిచిపోతుంది. మిషనరీలు రాకముందు మన ప్రజలు తమ పల్లె పొలిమేర దాటి ఎరుగరనీ, వారి పేదరికం అనాదిగా మార్పులేకుండా ఉన్నదనీ అనుకుంటాడు.

వాస్తవం వేరు. అంతకు రెండు వందల సంవత్సరాల ముందునుండే తెలుగు తీరంలో నేసిన గుడ్డ జావా దీవికి, పారశీకానికి, ఆఫ్రికా తీరానికి, లండన్ నగరానికి చేరుతూ వచ్చింది. ఈ వ్యాసంలో మూడు ప్రశ్నలను పరిశీలిద్దాము. మొదటిది, ప్రపంచ వ్యాపారానికి తెలుగు దేశంతో ఏమి పని పడింది? రెండవది, ఆ వ్యాపారం రాజ్యాధికారంతో ఎట్లు కలిసిపోయింది? మూడవది, ఎవరు లాభపడ్డారు, ఎవరు నష్టపోయారు? చివరగా, సంఘ చరిత్ర బోధనకు దీనితో ఉన్న సంబంధాన్ని గమనిద్దాము.

1. గుడ్డ కోసం వచ్చిన ఓడలు

ఐరోపా వారు మొదట మన దేశానికి వచ్చింది మిరియాల కొరకు. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. కాని లవంగాలు, జాజికాయలు పండే తూర్పు దీవుల ప్రజలు వాటికి బదులుగా ఎక్కువగా కోరింది వెండిని కాదు, కోరమాండల్ తీరపు నూలు గుడ్డలను. కాబట్టి సుగంధ ద్రవ్యాలు కొనాలంటే ముందుగా గుడ్డ కొనాలి. ఈ ఒక్క కారణం తెలుగు తీరాన్ని ప్రపంచ వ్యాపారపు నడిబొడ్డుకు తెచ్చింది.

1602లో ఏర్పడిన డచ్చి కంపెనీ 1605లో మచిలీపట్నం వచ్చింది. ఆంగ్లేయుల కంపెనీ 1611లో, ఫ్రెంచివారు 1669లో అక్కడ స్థానం సంపాదించారు. అయితే రేవును సృష్టించినది వీరు కాదని పాఠకులు గమనించాలి. 1518లో మొదలైన కుతుబ్‌షాహీ రాజ్యానికి మచిలీపట్నం ముఖ్యమైన సముద్ర ద్వారంగా ఉండేది. పారశీక, అరబ్బు, తెలుగు వర్తకుల సరుకులు అక్కడనుండి బందర్ అబ్బాస్‌కు, మోఖాకు, పెగూకు, ఆచేకు వెళ్లేవి. 1591లో హైదరాబాదు నగరం వెలసిన తరువాత రాజధానికీ రేవుకూ మధ్య బండ్లు, ఎద్దుల బిడారులు నడిచే బాట మరింత రద్దీ అయింది. నేడు దూలపల్లి వంటి గ్రామాలను తనలో కలుపుకొంటూ పెరుగుతున్న ఈ మహానగరం తొలి సంపదలో కొంత భాగం ఆ బాటమీదుగా వచ్చినదే.

గుడ్డ తయారీ ఒక్క ఊరి పని కాదు. కృష్ణా డెల్టా ప్రాంతంలో దొరికే చిరివేరు ఎర్ర రంగును ఇచ్చేది. నీలిమందు లోపలి ప్రాంతాల నుండి వచ్చేది. నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలో కూడా డచ్చివారు వర్తక స్థావరం పెట్టుకున్నారంటే, సముద్రపు వ్యాపారం తెలంగాణ పల్లెలలోనికి ఎంత దూరం చొచ్చుకొని వచ్చిందో అర్థమవుతుంది. నరసాపురం దగ్గర ఓడలు కట్టేవారు. దాని ప్రక్కనున్న మాధవాయిపాలెం పేరు ఆంగ్లేయుల నోట మారి, ఐరోపా బజారులలో ఒక రకం తెల్లగుడ్డకే పేరైంది.

ఈ సరుకునకు బదులుగా బంగారం, వెండి, జపాను రాగి, సుగంధ ద్రవ్యాలు వచ్చాయి. 1545లో దక్షిణ అమెరికాలోని పొటోసి గనులు బయటపడిన తరువాత ప్రపంచమంతటా వెండి ప్రవాహం పెరిగింది. అక్కడ నిర్బంధంగా పనిచేసిన ఆదివాసుల చెమటకూ, ఇక్కడ మగ్గం గుంటలో కూర్చున్న నేతగాని చెమటకూ మధ్య, ఒకరినొకరు ఎరుగకపోయినా, ఒక సంబంధం ఏర్పడింది.

2. రాజు, కంపెనీ, మధ్యవర్తులు

గోల్కొండ సుల్తానులు వ్యాపారానికి ద్వారాలు తెరిచారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన ఫర్మానా ప్రకారం ఆంగ్లేయులు సంవత్సరానికి 500 వరహాలు చెల్లించి రాజ్యపు రేవులలో వ్యాపారం చేసుకోవచ్చును. శిస్తు వసూలును, రేవుల ఆదాయాన్ని రాజ్యం తరచుగా ఇజారాకు ఇచ్చేది. ఇజారాదారుడు ముందుగా ఒప్పుకున్న మొత్తాన్ని ఖజానాకు కట్టాలి. ఆ పైన వచ్చినది అతనిదే. కాబట్టి అతడు రైతు మీద, నేతగాని మీద ఒత్తిడి పెంచేవాడు. పారశీకం నుండి వచ్చిన వర్తకుడు మీర్ జుమ్లా వజ్రాల వ్యాపారంతో, ఓడలతో, అధికారంతో రాజ్యంలోనే గొప్పవాడై, 1655-56లో మొగలుల పక్షం చేరిపోయాడు. వర్తకం, రాజకీయం ఎంతగా ముడిపడినవో ఇతని జీవితం చూపిస్తుంది.

తెలుగు వర్తకులు కూడా ఈ వ్యాపారంలో ప్రేక్షకులు కారు. పులికాట్‌లో డచ్చివారితో వ్యవహరించిన బలిజ వర్తకుడు అచ్యుతప్ప, ఆయన తమ్ముడు చిన్నన్న, మద్రాసులో ఆంగ్లేయుల ప్రధాన వర్తకుడైన కాశీ వీరన్న ఇందుకు నిదర్శనం. కంపెనీల పెట్టుబడి వీరి చేతుల మీదుగానే పల్లెలకు చేరేది.

వ్యాపారం పెరిగితే కులం సడలుతుందని కొందరు అనుకుంటారు. 1639లో స్థాపించబడిన మద్రాసు పట్టణం చరిత్ర అందుకు భిన్నమైన సాక్ష్యం ఇస్తున్నది. అక్కడ స్థిరపడిన తెలుగు, తమిళ కులాలు కుడిచేతి, ఎడమచేతి వర్గాలుగా చీలి, ఏ వీధిలో ఎవరు ఊరేగాలి, ఏ పేటలో ఎవరు నివసించాలి అని 1652లోను, 1707లోను తీవ్రంగా తగవులాడుకున్నారు. క్రొత్త పట్టణం పాత తారతమ్యాలను చెరిపివేయలేదు. వాటికి క్రొత్త వేదికను ఇచ్చింది.

3. నేతగాని లెక్క

నేతపని ఒక్క కులానిది కాదు. పద్మశాలీలు, దేవాంగులు, కైకాలవారు, గోదావరి ప్రాంతంలో కర్ణభక్తులు నాణ్యమైన గుడ్డలు నేసేవారు. మాలలలో అనేకులు ముతక గుడ్డ నేసేవారు. నూలు వడికినది ఎక్కువగా స్త్రీలే. వారి పేర్లు కంపెనీల పుస్తకాలలోనికి ఎక్కలేదు గాని, వారి రాట్నం ఆగితే మగ్గమూ ఆగిపోయేది.

వర్తకుడు ముందుగా డబ్బు ఇచ్చేవాడు. ఆ బయానాతో నేతగాడు నూలు కొని, గుడ్డ పూర్తి అయ్యేంతవరకు ఇల్లు గడుపుకొనేవాడు. 17వ శతాబ్దంలో కొనుగోలుదారులు అనేకులు. ఒకడు తక్కువ ధర ఇస్తే బయానా తిరిగి ఇచ్చివేసి మరొకనికి అమ్ముకునే వీలు ఉండేది. ఇబ్బంది ఎక్కువైతే మగ్గం విప్పుకొని వేరే ఊరికి పోయేవాడు. అప్పు ఉన్నా, ఈ రెండు దారులు తెరిచి ఉన్నంతకాలం అతనికి కొంత బలం ఉండేది.

1687లో ఔరంగజేబు గోల్కొండను జయించాడు. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారి నుండి మచిలీపట్నం వశపరచుకున్నారు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా ద్వారా, 1768లో నిజాముతో సంధి ద్వారా ఉత్తర సర్కారులు కంపెనీ పాలనలోనికి వచ్చాయి. ఇప్పుడు గుడ్డ కొనేవాడూ, శిస్తు వసూలు చేసేవాడూ, శిక్షించేవాడూ ఒక్కడే అయ్యాడు. బయానా తిరిగి ఇచ్చే దారి మూసుకొనిపోయింది. మగ్గాల మీద బంట్రోతుల కాపలా వచ్చింది. నేతగాండ్రు ఊరకుండలేదు. 18వ శతాబ్దం చివరి సంవత్సరాల నుండి కూటములుగా పని నిలిపివేయడం, ఊళ్లు విడిచిపోవడం, అర్జీలు పెట్టుకోవడం ఈ తీరంలో పలుచోట్ల జరిగింది.

మరొక ప్రక్కన 1700లోను, 1721లోను ఇంగ్లండు చట్టాలు రంగుల అద్దకపు నూలు గుడ్డల దిగుమతిని, వాడకాన్ని కట్టడి చేశాయి. తరువాత అక్కడి యంత్రాలు వచ్చాయి. 1813లో కంపెనీ గుత్తాధిపత్యం సడలింది. 1833 చట్టం దాని వ్యాపారాన్నే ముగించింది. అదే కాలంలో, 1832-33లో, గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు నాశనం చేసింది. మిల్లు గుడ్డ, మిల్లు నూలు పల్లెలకు చేరిన కొద్దీ మొదట రాట్నం, తరువాత అనేక మగ్గాలు ఆగిపోయాయి. భూమి లేని నేతగాడు కూలి అయ్యాడు.

4. మనుష్యులే సరుకైనప్పుడు

ఈ వ్యాపారంలో మరింత బాధాకరమైన అధ్యాయం ఉన్నది. కరువు, యుద్ధం వచ్చినప్పుడల్లా ఆకలికి తాళలేని తల్లిదండ్రులు పిల్లలను, కొందరు తమ్మును తామే అమ్ముకున్నారు. డచ్చివారు పులికాట్ మొదలైన రేవుల నుండి అట్టివారిని బటేవియాకు, అంటే నేటి జకార్తాకు, ఇతర స్థావరాలకు తీసికొనిపోయారు. కోరమాండల్ నుండి వెళ్లిన సాదా గుడ్డలలో కొన్ని పశ్చిమ ఆఫ్రికా తీరంలో బానిసలను కొనుటకు మారకపు సరుకుగా ఉపయోగపడ్డాయి. ఆకాలంలో వాటిని గినీ గుడ్డలని పిలిచేవారు.

వేలాదిమంది పేర్లు పోయినవి గాని, ఒక స్త్రీ పేరు నిలిచింది. ఆమెను డచ్చి దస్తావేజులు పులికాట్ కత్రీన్ అని పేర్కొన్నాయి. బటేవియాలో బానిసగా ఉండి, ఒక హత్య కేసులో శిక్షకు గురై, 1657లో దక్షిణ ఆఫ్రికాలోని కేప్ స్థావరానికి ప్రవాసం పంపబడింది. అక్కడ బాప్తిస్మం పొంది, తరువాత బెంగాలు నుండి వచ్చిన స్వతంత్రుడొకనిని వివాహం చేసుకున్నది. ఆమె కుమారుడు క్రిస్టోఫెల్ స్నైమన్ నుండి దక్షిణ ఆఫ్రికాలో ఒక పెద్ద కుటుంబం విస్తరించింది. బటేవియాలో స్వేచ్ఛ పొందిన బానిసలు మార్దైకర్లు అనబడ్డారు. వారిలో భారతదేశ తీరాలకు చెందినవారు అనేకులు, పోర్చుగీసు మాట్లాడే క్రైస్తవులు. మన తీరపు ప్రజలు క్రైస్తవులైన చరిత్ర అంతా మన తీరంలోనే జరగలేదని దీనిని బట్టి తెలుస్తున్నది.

ప్రకటన గ్రంథం 18వ అధ్యాయంలోని వర్తకుల సరుకుల పట్టిక బంగారంతో మొదలై మనుష్యుల ప్రాణములతో ముగుస్తుంది. నడుమ సన్నని నార గుడ్డలు, ఊదారంగు వస్త్రాలు, సుగంధ ద్రవ్యాలు ఉన్నాయి. రోమా సామ్రాజ్యమును గూర్చిన ఆ పట్టికను 17వ శతాబ్దపు కోరమాండల్ ఓడల సరుకుతో పోల్చి చదివితే, ఆ వరుస యాదృచ్ఛికం కాదని అర్థమవుతుంది.

5. సువార్త ఎక్కిన ఓడలు

మిషనరీలు ప్రయాణం చేసినది ఈ వ్యాపార మార్గాలలోనే. 1620లో డేనులు స్థాపించిన తరంగంబాడికి 1706లో జీగెన్‌బాల్గ్ వచ్చాడు. అయితే 1708లో అతనిని చెరసాలలో వేయించినది ఆ డేనిష్ కంపెనీ అధికారియే. అతని తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1726లో మద్రాసుకు వెళ్లి తెలుగు నేర్చుకొని బైబిలు తర్జుమాకు పూనుకున్నాడు. అది అచ్చుకాలేదు గాని, 1740లలో జర్మనీలోని హాలేలో అతడు తెలుగులో కొన్ని చిన్న పుస్తకాలు ముద్రింపజేశాడు. ఆంగ్లేయుల కంపెనీ సహితం 1813 వరకు మిషనరీలను అనుమానంతోనే చూచింది. ఆనందరాయరు సహాయంతో డెగ్రాంజెస్ తర్జుమా చేసిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి.

కాబట్టి సువార్త వ్యాపారానికి పనిముట్టుగా వచ్చిందనుట సరికాదు. వ్యాపారంతో దానికి సంబంధమే లేదనుటయు సరికాదు. మిషనరీ అదే ఓడలో వచ్చాడు, అదే కోట నీడలో నివసించాడు, అదే అధికారికి భయపడ్డాడు.

ముగింపు

1876-78 కరువు చివరిలో, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతంలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మం పొందారని మనం గర్వంగా చెప్పుకుంటాము. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ తరువాత మాలలు, ఇతరులు వేలాదిగా సంఘంలో చేరారు. మిషనరీల నివేదికలలో వీరు ఎల్లప్పుడు పేదలుగానే కనబడతారు. కుల పీడన ప్రాచీనమైనదే. అందులో సందేహం లేదు. కాని మగ్గం కోల్పోయి కూలికి పోవడం, కరువులో ధాన్యం కొనుటకు చేతిలో పైసా లేకపోవడం, ఇవి అనాదివి కావు. వీటికి తేదీలు ఉన్నాయి, చట్టాలు ఉన్నాయి, లెక్కల పుస్తకాలు ఉన్నాయి. పేదరికాన్ని కర్మగానో, దేవుని చిత్తముగానో బోధించే బోధకుడు ఈ లెక్కలను చూడవలసి ఉన్నది.

అందుచేత మన సెమినరీలలో సంఘ చరిత్ర పాఠాన్ని 1805తో గాక మచిలీపట్నం రేవుతో ఆరంభించుట మేలు. సేవకులు తమ సంఘాలలోని పెద్దలను, వారి తాతల కాలంలో ఇంటిలో మగ్గం గుంట ఉండెనా, అది ఎప్పుడు పూడ్చబడెను అని అడిగి వ్రాసిపెట్టవలెను. కంపెనీల దస్తావేజులు విదేశీ భాండాగారాలలో భద్రంగా ఉన్నాయి. మన వృద్ధుల జ్ఞాపకాలకు అట్టి భద్రత లేదు.