క్లాసులో ముచ్చట్లు పెడితే చదువు పాడవుతుందా?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నన్ను సూటిగానే అడిగారు: "మేడం, మా బాబు నోట్సులో రెండు పేజీలే ఉన్నాయి. పీరియడ్ మొత్తం ముచ్చట్లు పెట్టిస్తున్నారంట, నిజమేనా?" నిజమే. ఆ పీరియడ్‌లో ఏం జరిగిందో మీ అందరికీ చెప్పాలనిపించింది.

తొమ్మిదో తరగతి. "నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువ?" అని ఇంగ్లిష్‌లో అడిగాను, ఇంగ్లిష్‌లోనే చెప్పమన్నాను. ముందు బెంచీలో ఇద్దరు పుస్తకంలో వాక్యం అప్పజెప్పారు. మిగతా అందరూ తలలు దించుకున్నారు. తెలియక కాదు, తప్పు మాట్లాడితే పక్కవాళ్లు నవ్వుతారని. పద్నాలుగేళ్ల వయసులో టీచర్ తిట్టు కన్నా తోటివాళ్ల నవ్వు పెద్ద భయం. ఇక్కడ పొరపాటు నాదే.

మర్నాడు, "తెలుగులో చెప్పినా సరే, దీనికి మార్కులు లేవు" అన్నాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచింది (తననూ ఇంట్లోవాళ్లనూ అడిగే ఇది రాస్తున్నాను). "మా నాయనమ్మ నడుము వంగిపోయింది మేడం. బోరు నీళ్లు తాగినందుకే అంటరు. మరి అవే నీళ్లు తాగిన మా తాత మంచిగనే ఉండె. ఎందుకట్ల?"

నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను. అప్పుడు మొదలైంది అసలు క్లాసు. ఇద్దరూ ఎన్నేళ్లు తాగారు? ఒకే బోరా? తిండిలో తేడా ఉందా? సైన్స్ సార్‌ను పిలుచుకొచ్చాం. గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లో ఎలా కరుగుతుందో, ఒకే ఊళ్లో రెండు బోర్ల నీళ్లు ఎందుకు ఒకేలా ఉండవో, తిండిలో కాల్షియం తక్కువైతే జబ్బు ఎలా ముదురుతుందో ఆయన చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది, దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. మన జిల్లా పేరు వినగానే క్లాసంతా చప్పట్లు! మిషన్ భగీరథతో సమస్య తీరిపోయిందని ఒక అబ్బాయి, వంగిన నడుములు తిరిగి నిలబడవు కదా అని ఇంకొకరు గట్టిగానే వాదించుకున్నారు.

ఆ వారం ఆ అమ్మాయి ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసింది. స్పెల్లింగ్ తప్పులున్నాయి కానీ గైడులోంచి వచ్చిన వాక్యం ఒక్కటీ లేదు.

ప్రతి పీరియడ్ ఇలా నడపలేం. గ్రామర్‌కు ప్రాక్టీసే కావాలి, సిలబస్ కూడా పూర్తి కావాలి. అందుకే వారానికి ఒక్క పీరియడ్. ప్రశ్న అడిగాక నేను కాసేపు నోరు మూసుకోవడం నేర్చుకుంటున్నాను. టీచర్లు సాధారణంగా ఒక్క సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని అమెరికాలో మేరీ బడ్ రోవ్ 1970ల్లోనే చూపించారు. ఆ మూడు సెకన్లు ఎంత కష్టమో క్లాసులో నిలబడితేనే తెలుస్తుంది! మరో నియమం: ఎదుటివాళ్లు అన్నది ముందు తిరిగి చెప్పాకే కాదనాలి.

వచ్చే నెల అంశం: నల్లమలలో యురేనియం తవ్వకాలు. అవి వద్దని 2019లో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. కరెంటుకు యురేనియం కావాలనే వాదనా ఉంది. మీ పిల్లలు ఇంట్లో మీ అభిప్రాయం అడుగుతారు. అన్నం తినేటప్పుడు ఒక పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి చెప్పండి. వాళ్లు మీ మాట కాదంటే, ఎందుకు కాదంటున్నారో అడిగి చూడండి.