పైవాళ్ల నేల, కిందవాళ్ల సీలింగు

ముందు బాత్రూమ్ సీలింగు మీద గోధుమరంగు మరక పడుతుంది. నెల తిరిగేసరికి రంగు పొంగుతుంది, ఆపైన పెచ్చులూడతాయి. అప్పుడు ఇంటాయన ఇన్సూరెన్స్ కాగితాలు వెతకడం మొదలుపెడతాడు. ఇంటావిడ వెళ్లి పైఅంతస్తు తలుపు తడుతుంది. సింగపూర్‌లో ఇద్దరిలో ఆవిడ పనే ముందు తెమిలేలా ఉంటుంది.

ఇంటి బీమా పాలసీలను పోల్చే పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి. వాటిని పక్కన పెడితే, ప్రాణమంతా ఒక్క షరతులోనే కనిపించింది. పైపు పగిలో, ట్యాంకు పొంగో హఠాత్తుగా జరిగిన నష్టానికి కంపెనీ డబ్బిస్తుంది. అరుగుదల వల్ల, మెల్లమెల్లగా ఊరిన చెమ్మ వల్ల జరిగిన నష్టానికి ఇవ్వదు. మాటల్లో తేడా ఉన్నా దాదాపు అన్ని పాలసీల సారం ఇదే.

చదివితే న్యాయంగానే ఉంటుంది. కానీ సీలింగు లీకుల్లో చాలావరకు ఆ రెండో రకమే! పైవాళ్ల బాత్రూమ్ టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పొర ఒకటి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పాడవుతుంది, స్నానం చేసినప్పుడల్లా కాసిని నీళ్లు కాంక్రీటులోకి దిగుతాయి. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. కంపెనీ తరఫున వచ్చే లాస్ అడ్జస్టరు తేల్చాలనుకునేది మాత్రం సరిగ్గా అదే.

వాషింగ్ మెషీన్ గొట్టం ఊడి ఇల్లంతా నీళ్లయితే సంగతి వేరు. అది క్లెయిము దొరికే నీరు. వాల్వు కట్టేసి ముందు ఫొటోలు తీయాలి, ఊడిన గొట్టాన్ని పారేయకుండా దాచాలి. ప్లంబరు బిల్లు మీద ‘రిపేరు’ అని రాస్తే చాలదు, ఎందుకు ఊడిందో కూడా రాయించుకోవాలి. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యతే కాబట్టి నీళ్లు తోడేయొచ్చు. ఉబ్బిన బీరువాను మాత్రం అడ్జస్టరు వచ్చేదాకా కదపొద్దు. ‘ఎక్సెస్’ అని రాసి ఉన్న మొత్తం ఎలాగూ మన జేబులోంచే పోతుంది.

మరి మెల్లగా ఊరే నీటి సంగతి? పై ఫ్లాటు నేల, కింది ఫ్లాటు సీలింగు ఒకటే శ్లాబు కనుక, లీకు కారణం కనుక్కుని బాగుచేయించే బాధ్యత ఇద్దరిదీ అంటుంది ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ. ఎవరి నిర్లక్ష్యమూ లేకపోతే, గుడ్‌విల్ రిపేర్ అసిస్టెన్స్ పథకం కింద ఖర్చులో సగం తనే భరిస్తుంది. మిగతా సగం పైవాళ్లకు పావు, కిందవాళ్లకు పావు.

అంటే నెత్తిన నీళ్లు కారినవాళ్లు కూడా పావు వంతు కట్టాలి. ఈ లెక్క హైదరాబాద్ అపార్టుమెంటు సంఘం మీటింగులో చెప్పి చూడండి! “తడిసిందీ మేమే, కట్టేదీ మేమేనా?” అని లేస్తారు. ఈ వ్యాసకర్తకు మాత్రం లెక్క నచ్చింది. తప్పెవరిదనే పంచాయితీ ముగిసేదాకా పని ఆగనక్కర్లేదు. పైవాళ్లు తలుపు తీయకపోతే? 2015లో చట్టం సవరించి, నోటీసిచ్చి లోపలికి వెళ్లే అధికారం హెచ్‌డీబీకి ఇచ్చారు. అయితే గుడ్‌విల్ పథకం బాగుచేసేది శ్లాబునే, తడిసిన పరుపులకు పైసా రాదు.

ప్రైవేటు కాండోల్లో ఇలా పంచుకోవడం లేదు. బిల్డింగ్ మెయింటెనెన్స్ అండ్ స్ట్రాటా మేనేజ్‌మెంట్ చట్టం 101వ సెక్షన్ కింద కేసు నడిస్తే, సీలింగు మీద చెమ్మ కనబడగానే లోపం పైనే ఉందని భావిస్తారు. కాదని నిరూపించుకోవాల్సింది పైవాళ్లు.

ఇక హెచ్‌డీబీ ఫ్లాట్ల బీమా సంగతి. ముందు చరిత్ర రెండు ముక్కల్లో: 1960లో హెచ్‌డీబీ పుట్టింది, 1961 మే 25న బుకిత్ హో స్వీ అగ్నిప్రమాదం సుమారు 16,000 మందికి నీడ లేకుండా చేసింది, ఆ తర్వాత ఫ్లాట్ల నిర్మాణం ఊపందుకుంది. 1994 సెప్టెంబరు 1 నుంచి హెచ్‌డీబీ అప్పు తీసుకున్నవాళ్లకు ఫైర్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. కొద్ది డాలర్ల ఆ పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉంటే కష్టం. హెచ్‌డీబీ కట్టి ఇచ్చిన గోడలు, అమరికలే దాని పరిధి. సొంతంగా చేయించుకున్న రెనొవేషను, ఫర్నిచరు అందులో లేవు.

ఊరెళ్లే ముందు
డిసెంబరు సెలవులకు ఇల్లు తాళం వేసి ఇండియాకు వెళ్లేవాళ్లు, ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉండొచ్చో పాలసీలో చూసుకోవాలి. 30 లేదా 60 రోజులు దాటితే నీటి నష్టానికి పరిహారం ఆపేసే పాలసీలున్నాయి. మెయిన్ వాల్వు కట్టేసి వెళ్లడం ఎలాగూ మంచిది.

కొత్త హెచ్‌డీబీ ఫ్లాటు అయితే
మొదటి మూడేళ్లు బాత్రూమ్ టైల్స్ పీకకూడదు. వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింటుందని ఈ నిబంధన.

క్లెయిము తిరస్కరిస్తే
కంపెనీ తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోగా ఫిడ్రెక్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 2005లో మొదలైన ఈ కేంద్రం బ్యాంకులు, బీమా కంపెనీల మీద వచ్చే తగాదాలు తీరుస్తుంది. గొడవ పక్కింటివాళ్లతో అయితే స్మాల్ క్లెయిమ్స్ ట్రైబ్యునల్ ఉంది. పరిమితి 20,000 డాలర్లు, ఇద్దరూ ఒప్పుకుంటే 30,000. ఎవరి వాదన వాళ్లే వినిపించుకోవాలి, లాయర్లను పెట్టుకోనివ్వరు.