మా ఆఫీసు పంజాగుట్టలోనే ఎందుకుంది?

హైదరాబాద్ పంజాగుట్టలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. మాదాపూర్‌కి మారిపొమ్మని స్నేహితులు ఎన్నోసార్లు చెప్పారు. క్లయింట్లు అటే ఉన్నారు, నిజమే. పని తెలిసిన మనుషులు మాత్రం నాకు ఇక్కడే దొరుకుతారు.

జావా వచ్చిన ఫ్రెషర్ కావాలంటే పక్కనే అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గరి కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పే ఫ్యాకల్టీకి ఫోన్ చేస్తాను. "బ్యాచ్‌లో ఇద్దరు బాగా చేస్తున్నారు సార్, సాయంత్రం పంపిస్తా" అంటారు. ప్రకటన లేదు, కన్సల్టెన్సీకి కమీషన్ లేదు. చిన్న కంపెనీకి ఇది పెద్ద బలం.

ఒకే విద్య వచ్చినవాళ్లు ఒకచోట చేరితే యజమానికి పనివాడు, పనివాడికి యజమాని తేలిగ్గా దొరుకుతారని ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే రాశాడు. అమీర్‌పేటలో జరిగిందదే. కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీ సమస్య (వై2కే)తో మెయిన్‌ఫ్రేమ్ కోర్సులకు గిరాకీ వచ్చింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక ఉద్యోగాలు ఊళ్లోనే కనిపించాయి. తర్వాత ఒరాకిల్, శాప్, టెస్టింగ్ టూల్స్, క్లౌడ్. మార్కెట్ మారినప్పుడల్లా అమీర్‌పేట ఆదిత్య ట్రేడ్ సెంటర్ ముందు కోర్సుల బోర్డులూ మారాయి. కాలేజీ సిలబస్‌కి ఆ వేగం లేదు.

అమీర్‌పేట పక్కనే ఉన్న ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లు లేకపోతే ఇదంతా నిలిచేది కాదు. ఖమ్మం నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన అమ్మాయి హాస్టల్లో దిగి, పొద్దున్నే క్లాసుకి నడిచి వెళ్లగలదు. డెమో క్లాసులు ఉచితం, పాఠం సగం తెలుగులోనే. 2019 మార్చిలో మెట్రో హైటెక్ సిటీ దాకా వెళ్లాక ఇంటర్వ్యూకి ఆటో ఖర్చు కూడా తప్పింది.

లోటు కూడా చెప్పాలి. టూల్ వచ్చినవాళ్లలో చాలామందికి లాజిక్ రాదు. ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీపట్టి వస్తారు. కొందరు లేని అనుభవం రెజ్యూమెలో పెడతారు. అలాంటివాళ్లను నేను తీసుకోను. అసలు పునాది వేయాల్సింది నాలుగేళ్లు ఫీజు తీసుకున్న ఇంజినీరింగ్ కాలేజీ. ఆ బాకీని ఇక్కడ కొన్ని నెలల్లో తీర్చమంటే ఏ ఫ్యాకల్టీకైనా సాధ్యం కాదు.

ఈ పిల్లల చదువుకు ఖర్చు పెట్టింది తల్లిదండ్రులు. లాభపడుతున్నది మావంటి కంపెనీలు. అందుకే సాటి యజమానులకు నా మనవి: నెలకొక శనివారం మీ సీనియర్ ఇంజినీర్‌ను అమీర్‌పేటలో ఒక క్లాసుకి పంపండి. మీకు ఏం కావాలో పిల్లలకు నేరుగా చెప్పించండి.