పిన్ అంటే ఏ పిన్ను?

టీవీ బ్రౌజర్‌ను తెలుగు చేస్తున్న అనువాదకుడి ముందుకు ఒకే ఒక్క మాట వచ్చి నిలబడిందనుకోండి: ‘పిన్’. ముందూ వెనకా ఏమీ లేదు. పోస్టాఫీసువాళ్ల ఆరంకెల పిన్నా? ఏటీఎంలో నొక్కే రహస్య సంఖ్యా? నచ్చిన సైటును మొదటి తెరమీద గుచ్చిపెట్టుకోవడమా? మొదటి రెండూ వస్తువుల పేర్లు, మూడోది చేసే పని. ఇంగ్లిషుకు మూడింటికీ ఒక్క మాట చాలు, తెలుగుకు చాలదు. అనువాదకుడు ఏదో ఒకటి ఊహించి రాస్తాడు. ఆ ఊహ తప్పిందంటే, అరకులోయలో ఏదో ఇంట్లో సైటు దాచుకుందామని రిమోట్ పట్టుకున్న మనిషిని టీవీ రహస్య సంఖ్య అడుగుతున్నట్టు ఉంటుంది.

ఇది కల్పించిన చిక్కు కాదు. మొజిల్లా సంస్థ 2017 డిసెంబరులో అమెజాన్ ఫైర్ టీవీ కోసం ఒక ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తెచ్చింది. గూగుల్‌కీ అమెజాన్‌కీ తగువు ముదిరిన రోజులవి. 2018 జనవరి 1 నుంచి ఫైర్ టీవీలో యూట్యూబ్ ఉండదని గూగుల్ ప్రకటించేసింది. ఆప్ పోతేనేం, బ్రౌజర్ ఉంటే యూట్యూబ్ సైటే తెరుచుకోవచ్చు. సైట్లను మొదటి తెరకు పిన్ చేసుకునే వీలు తర్వాత అందులో చేరింది. 2019 జులైలో తగువు తీరి యూట్యూబ్ ఆప్ తిరిగొచ్చింది. 2021 ఏప్రిల్ 30తో మొజిల్లా ఆ బ్రౌజర్‌ను ఆపేసింది. ఈలోగా మన దేశంలో 2020 అక్టోబరులో జియోపేజెస్ అనే బ్రౌజర్ తెలుగుతో కలిపి ఎనిమిది భారతీయ భాషలతో వచ్చి, మరుసటి ఏడాది టీవీల్లోకీ ఎక్కింది.

ఆ 2017 డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామన్నారు. కంప్యూటర్ లేని ఇంట్లో ఇంటర్నెట్‌కు పెద్ద తెర అంటే టీవీయే.

బ్రౌజర్‌లో కనిపించే మాటలు ప్రోగ్రాములో కలిసిపోయి ఉండవు, ఉండకూడదు. వాటన్నిటినీ ఏరి ఒక ఫైలులో వరసగా పెడతారు. ప్రతి మాటకూ ఒక గుర్తింపు పేరు, పక్కన ఇంగ్లిషు వాక్యం. ఒక్కో భాషకు అలాంటి ఫైలు ఒకటి తయారవుతుంది. మొజిల్లావాళ్లకైతే ఈ పని కోసం పొంటూన్ అనే వేదిక ఉంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు అందులో ఒక్కో వాక్యం తీసుకుని తమ భాషలోకి మారుస్తారు. బయటివాళ్లకు కనిపించే పని ఇదే. అసలు పని అంతకుముందే, ఆ ఇంగ్లిషు ఫైలు రాసినవాడి బల్లమీద జరిగిపోయి ఉంటుంది. ‘పిన్’ పక్కన అతను ఒక్క వివరణ వాక్యం రాసి ఉంటే పై గొడవంతా ఉండేది కాదు.

ఫైర్ టీవీ బ్రౌజర్‌ను ఫైర్‌ఫాక్స్ ఫోకస్ అనే ఫోన్ బ్రౌజర్ కోడ్ మీద కట్టారు. ఇలా ఫోన్‌నుంచి టీవీకి మారేటప్పుడు మాటల్ని మళ్లీ ఒకసారి జల్లెడ పట్టాలి. ఫోన్‌లో తెరను వేలితో తాకమంటాం. టీవీని తాకితే మచ్చ పడుతుంది తప్ప పని జరగదు. చేతిలోని రిమోట్ మీద ఉన్నవి నాలుగు దిక్కుల బటన్లూ మధ్యలో ఒక గుండ్రటి బటనూ. ‘తాకండి’ కాకుండా ‘ఎంచుకోండి’ అని మూలంలోనే ఉంటే ఏ భాషవాడికీ తిప్పలుండవు.

ఇక తెలుగు అసలు పట్టుదల విభక్తుల దగ్గర బయటపడుతుంది. ఇంగ్లిషు వాక్యంలో ఒక ఖాళీ వదిలి, అందులో ఏ పేరైనా వచ్చి కూర్చునేలా రాస్తారు: శాతం గుర్తు, 1, డాలర్ గుర్తు, ఎస్. ‘ఫలానా చోటుకు వెళ్లు’ అనడానికి ఇంగ్లిషులో ఖాళీకి ముందు ఒక చిన్న మాట పడేస్తే సరి, ఏ ఊరి పేరు వచ్చినా అది కదలదు. తెలుగులో ఆ మాట పేరుకు వెనక అతుక్కుంటుంది, అతుక్కుని రూపం మార్చుకుంటుంది. పాడేరుకు. చింతపల్లికి. విజయనగరానికి. ఒకే ఖాళీకి మూడు తోకలు! ప్రోగ్రాముకు ఈ వ్యాకరణం తెలియదు కనుక అది ‘విజయనగరంకు’ అని చదువుకుంటూ పోతుంది. అందుకే ఆరితేరినవాళ్లు వాక్యాన్నే తిప్పేస్తారు: ‘వెళ్లాల్సిన చోటు: విజయనగరం’. కాస్త పొడిగా ఉన్నా తప్పు లేదు. ఇలా తిప్పాలంటే ఆ వాక్యం ముక్కలు కాకుండా ఒకే చోట ఉండాలి. ముందు ముక్క ఒక వరసలో, వెనక ముక్క మరో వరసలో పెట్టి ప్రోగ్రాము చేత కుట్టిస్తే, క్రియ చివరికి వచ్చే మన భాషలో అనువాదకుడి చేతులు కట్టేసినట్టే.

పేరు పొల్లుతో ముగిస్తే మరో తమాషా. ‘యూట్యూబ్’ వచ్చి కూర్చున్న ఖాళీ వెనక ‘లో’ చేర్చితే తెరమీద ‘యూట్యూబ్లో’ అని బకు లావత్తు తగులుకుంటుంది. ‘యూట్యూబ్‌లో’ అని విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం ఉండాలి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పని మాత్రం పెద్దది. తెలుగు అనువాదకులు ఖాళీ పక్కన దీన్ని తలచుకుని మరీ పెడతారు. తెలియని ఇంజనీరు అక్కరలేని చెత్తనుకుని దాన్ని తుడిచేయడమూ జరగొచ్చు.

మర్యాద సంగతి కూడా ఉంది. ‘వెతుకు’ అనాలా, ‘వెతకండి’ అనాలా? తెలుగు స్థానికీకరణలో నలిగిన పద్ధతి ఒకటుంది. బటన్ మీద మాట మనిషి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ, కనుక ‘వెతుకు’. సూచన యంత్రం మనిషికి చెప్పేది, కనుక ‘ఎంచుకోండి’. మిషన్‌ను గారూ గీరూ అనక్కర్లేదు, పెద్దాయనను ఏకవచనంలో పిలవకూడదు. ఇంగ్లిషు ఫైలులో రెండూ ఒకేలా ఉంటాయి. ఇది బటనా, సూచనా అన్నది ఎవరో పక్కన రాయాలి.

టీవీని పది అడుగుల దూరం నుంచి చూస్తారు. అక్షరం పెద్దది కావాలి, పెట్టె మాత్రం చిన్నదే. ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకు కొలిచి గీసిన పెట్టెలో తెలుగు ఒత్తులు కింద తెగిపోతాయి. ‘వద్దు’ అన్న బటన్ దూరానికి ‘వదు’ అవుతుంది, ‘రాష్ట్రం’లో కింద వేలాడే రెండు ఒత్తులూ గల్లంతవుతాయి. పొడవుదీ అదే బాధ. అరకు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఆ పేరును ఇరుకు గడిలో పెట్టి చూస్తే, ఎక్కడ మూడు చుక్కలు పడతాయో అక్కడ డిజైన్ తేలిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ఇందుకే ఉత్తుత్తి భాష ఒకటి పెట్టారు. అనువాదం మొదలవకముందే ఇంగ్లిషు మాటల్ని సాగదీసి, గుర్తులు తగిలించి తెరమీద వేస్తుంది. తెగేవి అప్పుడే తెగుతాయి.

తెలుగు దాటి సంతలోకి వెళ్తే కథ ఇంకా చిక్కనవుతుంది. అరకు సంతలో మూడు భాషా కుటుంబాలు కూర్చుని బేరమాడతాయి. కువి మన ద్రావిడ భాషే. గదబల గుతోబ్ ముండా భాష. అందరికీ ఉమ్మడిగా పనికొచ్చే ఆదివాసీ ఒడియా ఇండో ఆర్యన్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో మొదలుపెట్టిన మాతృభాషా బోధనలో కువి, ఆదివాసీ ఒడియా, సవర, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషలకు తెలుగు లిపిలో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అంటే ఆ పుస్తకాలు చదువుకున్న పిల్లవాడికి బ్రౌజర్ మాటలు అతని భాషలో ఇవ్వాలంటే లిపి సిద్ధంగానే ఉంది. కొరవడింది వివరణలతో ఉన్న ఫైలు. ఇంగ్లిషు ‘వియ్’ అనగానే తెలుగువాడు మనమా, మేమా అని అడుగుతాడు, కువి మనిషీ అదే అడుగుతాడు. మూలం రాసేవాడు ఆ ఒక్క ప్రశ్నకు జవాబు పక్కన రాసిపెడితే ఇద్దరికీ పని జరుగుతుంది.

ఈ కొండల్లో ఇలాంటి పనికి ముందు నడిచినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టి, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువు వెలువరించారు. పుస్తకాల భాష జనం నోట్లో భాషకు దూరం కాకూడదని తెలుగులో ఆయన చేసిన పోరు అందరికీ తెలిసిందే. ఇవాళ బటన్ మీద ‘నిష్క్రమించు’ ఉండాలా, ‘బయటికి’ ఉండాలా అని అనువాదకులు పడే గొడవ దాని మనవడే. ఈ వ్యాసకర్త ఓటు రెండోదానికి.

పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపిన 1936లో గిడుగు ఆ ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. అదే ఏడు మంగెయి గొమాంగో అనే ఆయన సవరకు సొర సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. 2012లో దానికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆంధ్రలో సవర బడిపుస్తకాలేమో తెలుగు లిపిలో ఉన్నాయి. కనుక ‘సవర’ అని భాష పేరు ఒక్కటి చెబితే బ్రౌజర్‌కు చాలదు, ఏ లిపో కూడా చెప్పాలి. ఫైలు పేరులో భాష కోడ్ పక్కన లిపి కోడ్‌కూ చోటు మొదట్నుంచీ ఉంచాలి. ఆ తర్వాత టీవీ డబ్బాలో ఆ లిపి ఫాంటు ఉందో లేదో చూసుకోవాలి. నోటో ఫాంట్లలో సొర సొంపెంగ్‌కు ఒకటి ఉంది, ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని డబ్బాలో వేయడం మరిచిపోతే ఎంత చక్కని అనువాదమైనా ఆ లిపి చదివే ఇంట్లో టీవీ తెరమీద వరసగా ఖాళీ గళ్లే కనిపిస్తాయి.